విమానం ఎవరి చేతిలో ఉన్నది?

విమానాలను గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని పాఠకులు అనుకోవచ్చు. మన విద్యార్థుల గోష్ఠుల్లో యంత్రాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా రెండు రకాల వాదనలు వినిపిస్తవి. యంత్రం ఎంత పెరిగితే మనిషికి అంత మేలు, దాన్ని అడ్డగించేవాడు అభివృద్ధి నిరోధకుడు అనేది ఒకటి. యంత్రం మనిషిని మింగేస్తున్నది, చేతిపనిలో ఉండే తెలివి నశించిపోతున్నది అనేది రెండోది. నేను చాలాకాలం మొదటి పక్షంలో ఉన్నవాణ్ణి. తమ చేతుల్లోంచి అధికారం కంప్యూటర్ల పాలవుతున్నదని పైలట్లు గోల పెడుతుంటే, పెద్ద జీతాలు తెచ్చుకునే ఒక చిన్న బృందం తన హోదా కోసం పడే ఏడుపు అనుకున్నాను. ఆ అభిప్రాయం నేను మార్చుకోవలసి వచ్చింది. అట్లాగని రెండో పక్షంలో చేరనూ లేదు. ఎందుకు మార్చుకున్నానో చెప్పాలంటే కొంత చరిత్ర తవ్వాలి.

ఈ చరిత్ర దాదాపు విమానమంత పాతది. 1914 జూన్ 18న పారిస్ దగ్గర బెజోన్ అనే చోట, సేన్ నది మీద, భద్రమైన విమానాలకు పోటీ జరిగింది. లారెన్స్ స్పెర్రీ అనే ఇరవయ్యొక్క ఏళ్ళ అమెరికన్ యువకుడు తన విమానాన్ని ప్రేక్షకుల ముందుగా నడిపిస్తూ రెండు చేతులూ పైకెత్తాడు. అతని సహాయకుడైన మెకానిక్ రెక్క మీదికి నడిచి వెళ్ళాడు. ఒకవైపు బరువు పెరిగినా విమానం ఒరగలేదు. స్పెర్రీ తండ్రి ఓడలకు గైరోస్కోపులు తయారుచేసేవాడు. గిర్రున తిరిగే బొంగరం తన ఇరుసు దిశను వదలదు గదా, ఆ సూత్రం మీదనే ఆ పరికరం విమానాన్ని నిలబెట్టింది. కొడుక్కు 50,000 ఫ్రాంకుల బహుమతి వచ్చింది. ఆనాటి విమానం నడిపేవాడికి క్షణం విశ్రాంతి ఉండేది కాదు. ఆ చాకిరీని బొంగరం తన మీద వేసుకుంటే సంతోషించని వాడెవడు?

1931లో వైలీ పోస్ట్ అనే పైలట్ ఒక నావిగేటరును వెంటబెట్టుకుని ఎనిమిదిన్నర రోజులకు పైగా ఎగిరి భూమిని చుట్టి వచ్చాడు. రెండేళ్ళ తరవాత, స్పెర్రీ కంపెనీ వారి ఆటోపైలట్ అమర్చుకుని, ఒక్కడే అదే పని 7 రోజుల 18 గంటల్లో చేశాడు. ప్రపంచమంతా దీన్ని ఒక వీరుడి కథగా చెప్పుకున్నది. విమానాల కంపెనీల యజమానులకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కనిపించి ఉండాలి. వెనక కుర్చీలో కూర్చున్న మనిషి లేకుండా పని జరిగింది, తొందరగా కూడా జరిగింది.

ఆ తరవాతి యాభై ఏళ్ళలో జరిగినది ఆ కుర్చీలు ఒక్కొక్కటిగా ఖాళీ కావడమే. సముద్రాలు దాటే పెద్ద విమానాల్లో ఒకనాడు కాప్టెన్, కో-పైలట్, నావిగేటర్, రేడియో ఆపరేటర్, ఫ్లయిట్ ఇంజనీర్ - ఐదుగురు ఉండేవారు. నోటిమాటతో సాఫీగా మాట్లాడే రేడియో వచ్చి మోర్స్ టకటకలను తోసేసినప్పుడు రేడియో ఆపరేటర్ పోయాడు. నక్షత్రాలను కొలిచి దారి లెక్కగట్టే నావిగేటర్ పని పెట్టెలో ఇమిడే పరికరం చేయగలిగినప్పుడు అతనూ పోయాడు. వీటిని చూసి కన్నీరు కార్చవలసిన పని లేదు. కొత్త పద్ధతి పాతదానికన్నా నిజంగా మెరుగైనది.

మూడో కుర్చీ సంగతి వేరు. ఇంజనులనూ, ఇంధనాన్నీ, విద్యుత్తునూ కనిపెట్టుకుని ఉండే ఫ్లయిట్ ఇంజనీర్ కావాలా వద్దా అన్న దానికి సాంకేతిక శాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. అమెరికాలో 1948 నుంచి పెద్ద విమానాల్లో అతను ఉండితీరాలని నిబంధన ఉండేది. జెట్లు వచ్చిన కొత్తలో, ఆ కుర్చీలో కూర్చునేవాడు పైలట్ల సంఘంవాడా, ఇంజనీర్ల సంఘంవాడా అని ఆ రెండు సంఘాలూ తమలో తాము కొట్టుకున్నవి. 1961లోనూ 62లోనూ ఇంజనీర్లు సమ్మెలు చేశారు. పైలట్లు వాళ్ళకు అండగా నిలవలేదు. ఇరవై ఏళ్ళ తరవాత కంపెనీలు ఆ కుర్చీని పూర్తిగా ఎత్తివేయబూనినప్పుడు పైలట్లు ముగ్గురు కావాలని పట్టుబట్టారు గాని, అప్పటికి వాళ్ళ వెనక నిలబడేవాళ్ళు మిగలలేదు. 1981 వేసవిలో అమెరికా అధ్యక్షుడు నియమించిన కమిటీ, కొత్త విమానాలకు ఇద్దరు చాలునని తేల్చింది. అదే వేసవిలో, ఆగస్టులో, సమ్మె చేసిన విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగులను పదకొండు వేలమందికి పైగా అదే అధ్యక్షుడు రీగన్ ఒక్క దెబ్బతో ఉద్యోగాల్లోంచి తీసివేశాడు. ఆ సంవత్సరంలో ఆకాశంలో గాలి ఎటు వీచిందో వేరే చెప్పనక్కర లేదు. ఫ్రాన్స్‌లో కూడా ఎయిర్ ఇంటర్ కంపెనీ సిబ్బంది మూడో మనిషి కోసం మళ్ళీ మళ్ళీ సమ్మెలు చేసి ఓడిపోయారు.

వాళ్ళను ఓడించిన విమానం ఎయిర్‌బస్ ఏ-320. అది మొదట 1987 ఫిబ్రవరి 22న ఎగిరింది, మరుసటి ఏడు ప్రయాణికులను మోసింది. అంతకుముందు పైలట్ చేతిలోని కర్రకూ రెక్కల మీది పలకలకూ మధ్య తీగెలూ కప్పీలూ ద్రవపీడన యంత్రాలూ ఉండేవి. ఇందులో పైలట్ పక్కన ఒక చిన్న పిడి ఉంటుంది. దాన్ని కదిలిస్తే కంప్యూటర్‌కు ఒక కోరిక అందుతుంది. ఆ కోరిక విమానాన్ని ప్రమాదపు హద్దు దాటిస్తుందని తోస్తే కంప్యూటర్ దాన్ని అక్కడికే ఆపుతుంది. పైలట్ ఎంత బలంగా లాగినా సరే, ఆ హద్దు దాటదు. దీని రూపకర్తల్లో ముఖ్యుడు బెర్నార్ సీగ్లేర్, స్వయంగా టెస్ట్ పైలట్, తమ భవనం కాపలామనిషి కూడా ఈ విమానాన్ని నడపగలదని అన్నాడని ప్రతీతి. పైలట్ల సంఘాలకు ఒళ్ళు మండిపోయింది. నిజానికి ఆ మాటలో ఇంజనీరు గర్వంకన్నా యజమాని ఆశ ఎక్కువ ఉన్నది. కాపలామనిషి నడపగల విమానానికి కాపలామనిషి జీతం చాలు గదా!

అమెరికాలోని బోయింగ్ కంపెనీ 1990లలో తన 777లో కంప్యూటర్లను పెట్టినా, పైలట్ గట్టిగా తోస్తే కంప్యూటర్ దారి ఇచ్చేటట్టు చేసింది. దీంతో పత్రికలవాళ్ళకు మంచి కథ దొరికింది. యూరపు యంత్రాన్ని నమ్ముతుంది, అమెరికా మనిషిని నమ్ముతుంది అన్నారు. కొందరు ఇందులో జాతుల స్వభావాన్ని కూడా చూశారు. ఒకటి రాజ్యం మాట వినే సంస్కృతి అట, రెండోది గుర్రపు రౌతుల సంస్కృతి అట. ఈ కథను నేనూ కొన్నాళ్ళు నమ్మాను. అది ఎంత బూటకమో చివరికి బోయింగ్ కంపెనీయే రుజువు చేసింది. అక్కడికి వస్తాను.

ముందు మన బెంగళూరు సంగతి. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ-320, రన్‌వేకు కొద్ది దూరంలో గాల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. విమానంలో ఏ భాగమూ విరగలేదు. ఇద్దరు కాప్టెన్లు ఉన్నారు. ఒకరు నడుపుతున్నారు, రెండోవారు పరీక్షిస్తున్నారు. దిగేటప్పుడు కావలసిన వేగాన్ని కాపాడే పద్ధతికి బదులు, విమానం ఇంజనుల శక్తిని పూర్తిగా తగ్గించి కిందికి జారే పద్ధతిలో ఉండిపోయింది. ఆ పద్ధతిలో ఉన్నామని తెలిసి కూడా, ఎత్తు 400, 300, 200 అడుగులని హెచ్చరికలు వినిపిస్తున్నా వెంటనే శక్తి పెంచలేదని విచారణ సంఘం పైలట్లను తప్పుపట్టింది.

వాళ్ళు తప్పు చేయలేదని నేననను. వేగం చూపే సూచిక ఎదుటనే ఉన్నది, దాన్ని చూడలేదు. కాని ఎందుకు చూడలేదు? పాత విమానాల్లో ఇంజనుల శక్తి దానంతటది తగ్గితే, పైలట్ చేతికింద ఉన్న లీవరు కూడా వెనక్కి జరిగేది. వేగం పడిపోతున్నకొద్దీ చేతిలోని కర్ర బరువెక్కేది. చెవులు, చేతులు, వీపు కూడా వేగాన్ని చెప్పేవి. ఈ విమానంలో యంత్రం శక్తిని మార్చినా లీవరు కదలదు. పక్కనున్న పిడి బరువెక్కదు. కళ్ళు తప్ప తక్కిన ఇంద్రియాలన్నిటినీ రూపకర్తలు ఉద్యోగంలోంచి తొలగించారు. ఆ తరవాత కళ్ళు ఒకచోట పొరపాటు పడితే దాన్ని మనిషి పొరపాటు అన్నారు. ప్రభుత్వం కొన్ని నెలలపాటు ఆ విమానాలన్నిటినీ నేలమీద నిలబెట్టింది. మళ్ళీ ఎగరనిచ్చినప్పుడు లీవర్లు మునుపటిలాగే కదలకుండా ఉన్నవి.

నాలుగేళ్ళ తరవాత, 1994 ఏప్రిల్ 26న జపానులోని నగోయాలో ఇంకో రకం కథ నడిచింది. ఇది అర్థంకావాలంటే ఒక సాంకేతిక విషయం తెలియాలి. విమానం తోక దగ్గర ఒక పెద్ద అడ్డరెక్క ఉంటుంది. దాని వెనక అంచున చిన్న పలక ఉంటుంది. పైలట్ కర్రను ముందుకో వెనక్కో కదిలిస్తే ఆ పలక కదిలి విమానం ముక్కు దిగుతుంది లేక లేస్తుంది. అడ్డరెక్క మొత్తం కూడా నెమ్మదిగా వంగగలదు. దాని బలం పలకకన్నా చాలా ఎక్కువ. నగోయాలో చైనా ఎయిర్‌లైన్స్ ఏ-300 దిగబోతుంటే, పొరపాటున తిరిగి పైకి లేచే పద్ధతి మొదలైంది. పైలట్ దిగాలని ముక్కును కిందికి తోశాడు. ఆటోపైలట్ లేవాలని అడ్డరెక్కను వంచుతూ పోయింది. ఒకే తోకలో మనిషీ యంత్రమూ ఎదురెదురుగా నిలబడి తోసుకున్నారు. 264 మంది చనిపోయారు. ఆటోపైలట్ అట్లా మొండికెత్తకుండా చేసే మార్పును విమానం తయారుచేసినవారు అంతకుముందే సూచించారు. అత్యవసరమని చెప్పలేదు. కంపెనీ దాన్ని ఇంకా చేయించలేదు.

ఇవన్నీ చదివితే యంత్రం మీద కోపం వస్తుంది. అందుకే ఊబర్లింగెన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 2002 జూలై 1 రాత్రి జర్మనీ దక్షిణ భాగాన, రష్యా నుంచి వస్తున్న ప్రయాణికుల విమానమూ, ఒక సరుకు విమానమూ ఒకే ఎత్తులో ఎదురుపడ్డవి. రెంటిలోనూ ఢీకొనకుండా హెచ్చరించే యంత్రాలున్నవి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, రష్యన్ విమానాన్ని పైకి లేవమనీ, రెండోదాన్ని కిందికి దిగమనీ చెప్పినవి. రెండూ సరియైన సలహాలే. కాని నేలమీద ఉన్న నియంత్రణ ఉద్యోగి రష్యన్ విమానాన్ని దిగమన్నాడు. వాళ్ళు యంత్రాన్ని కాదని మనిషి మాట విన్నారు. రెండూ దిగుతూ ఢీకొన్నవి. 71 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది బడిపిల్లలు.

ఇక్కడ మనిషి ఓడాడు, యంత్రం గెలిచింది అనవచ్చా? ఆ రాత్రి జ్యూరిక్‌లోని ఆ గదిలో ఒకే ఒక ఉద్యోగి రెండు బల్లల పని చేస్తున్నాడు. రెండో ఉద్యోగి విశ్రాంతికి వెళ్ళాడు. రాత్రిళ్ళు అట్లా ఒకరితోనే నెట్టుకురావడం అక్కడ అలవాటు, కంపెనీ ఆ అలవాటును సహించింది. పైగా ఆ రాత్రి మరమ్మతుల కోసం అతని రాడార్‌లోని హెచ్చరికలను తగ్గించారు, ముఖ్యమైన టెలిఫోను లైనును నిలిపివేశారు. ఒక మనిషి జీతం మిగుల్చుకున్న చోట యంత్రం మాట వినమని పైలట్లకు పాఠం చెప్పారు. పాఠం సరియైనదే, ఇప్పుడు ప్రపంచమంతటా ఆ విషయంలో యంత్రం మాటే వినాలని నియమం. దాని వెనకున్న జమాఖర్చుల పుస్తకాన్ని చూడటం మాత్రం మనం మరిచిపోకూడదు.

ఇంకొక అభ్యంతరం కూడా పెద్దది. రోజుకు లక్ష విమానాలు ఎగిరినా ప్రమాదాలు ఇంత అరుదుగా జరగడానికి కారణం ఈ యంత్రాలే గదా అని ఎవరైనా అడగవచ్చు. చాలావరకు నిజం. కొండ దగ్గరవుతున్నదని ముందుగా అరిచే పరికరాన్ని అమెరికా 1974లో వాషింగ్టన్ సమీపాన ఒక విమానం కొండకు కొట్టుకున్నాక తప్పనిసరి చేసింది. దాని మూలంగా బతికిన ప్రాణాలను లెక్కపెట్టడం కూడా సాధ్యం కాదు. ఆ పరికరాన్ని ఏ పైలట్ల సంఘమూ వ్యతిరేకించవలసిన అవసరం రాలేదు. అది మనిషికి చెబుతుంది. అతని చేయి పట్టుకోదు, అతనికి తెలియకుండా ఏదీ చేయదు.

లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే ఇంగ్లీషు మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 1983లోనే ఈ యంత్రీకరణలోని విపరీతాన్ని ఎత్తి చూపింది. సులువైన పనంతా యంత్రానికి ఇచ్చి, యంత్రం చేయలేని పనిని మాత్రం మనిషికి మిగులుస్తారు. రోజూ చేయని పనిలో మనిషి చేయి మొద్దుబారుతుంది. యంత్రం చేతులెత్తేసిన రోజున, అన్నిటికన్నా కష్టమైన క్షణంలో, ఆ మొద్దుబారిన చేతికి విమానాన్ని అప్పగిస్తారు.

ఆమె రాసిన ఇరవయ్యారేళ్ళకు అది అక్షరాలా జరిగింది. 2009 జూన్ 1న బ్రెజిల్ నుంచి పారిస్ పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం, అట్లాంటిక్ మీద తుపాను మేఘాల్లో ప్రవేశించింది. గాలి వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయినవి. ఆ రకం గొట్టాలతో ఈ చిక్కు వస్తున్నదని అంతకుముందే తెలుసు, మార్చడం అప్పుడే మొదలుపెట్టారు, ఈ విమానానికి ఇంకా మార్చలేదు. వేగం తెలియక ఆటోపైలట్ తప్పుకున్నది. హద్దులు దాటనీయని రక్షణ కూడా తొలగిపోయింది. కాప్టెన్ విశ్రాంతి గదిలో ఉన్నాడు. నడుపుతున్న కో-పైలట్ చీకట్లో పిడిని వెనక్కి లాగి ముక్కును పైకెత్తాడు. రెక్కల మీద గాలి పట్టు తప్పింది. దీన్నే స్టాల్ అంటారు. విమానం 38,000 అడుగుల నుంచి రాయిలాగా పడటం మొదలుపెట్టింది. స్టాల్ హెచ్చరిక 75 సార్లు అరిచింది. ఇందులో అన్నిటికన్నా ఘోరమైన సంగతి ఇది: వేగం మరీ తగ్గినప్పుడు ఆ లెక్క నమ్మదగినది కాదని కంప్యూటర్ హెచ్చరికను ఆపేసింది. పైలట్ సరియైన పని చేయబోయి ముక్కు దించినప్పుడు హెచ్చరిక మళ్ళీ మొదలైంది. తప్పు చేస్తే మౌనం, ఒప్పు చేస్తే అరుపు. ఒక కో-పైలట్ పిడిని లాగుతుంటే రెండోవాడి పిడి కదలదు గనక, అతను లాగుతున్నాడని రెండోవాడికి చేతికి తెలియదు. ఆటోపైలట్ తప్పుకున్నప్పటి నుంచి సముద్రంలో పడేదాకా నాలుగున్నర నిమిషాలకన్నా తక్కువ పట్టింది. 228 మంది.

ఆ పైలట్లకు అంత ఎత్తున స్వయంగా విమానం నడపడంలో శిక్షణ లేదు. ఆటోపైలట్ ఉండగా ఆ శిక్షణ ఎందుకు, సిమ్యులేటర్ గంటలకు డబ్బెందుకు అన్నది కంపెనీల లెక్క. ఆ శిక్షణ తరవాత వచ్చింది.

ఇంతవరకు చెప్పినవాటిలో యూరపు విమానాలే ఎక్కువగా ఉన్నవి. అమెరికా మనిషిని నమ్ముతుందన్న కథ ఇంకా బతికే ఉన్నది. 2010 డిసెంబరులో ఎయిర్‌బస్ తన ఏ-320కి ఇంధనం తక్కువ తాగే కొత్త ఇంజనులు పెడతానని ప్రకటించింది. 2011 జూలైలో, బోయింగ్‌కు నమ్మకమైన ఖాతాదారు అయిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా ఎయిర్‌బస్ నుంచి 260 విమానాలు కొనడానికి సిద్ధపడింది. బోయింగ్ అధిపతులు కొత్త విమానాన్ని రూపొందించే ఆలోచన మాని, 1967లో మొదట ఎగిరిన 737కే పెద్ద ఇంజనులు తగిలించాలని ఆగస్టులో నిర్ణయించారు. అదే 737 మాక్స్.

పాత 737 నేలకు దగ్గరగా ఉంటుంది. పెద్ద ఇంజను రెక్క కింద పట్టదు, గనక దాన్ని ముందుకూ పైకీ జరిపారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో ముక్కు అవసరానికి మించి లేచే గుణం వచ్చింది. దీన్ని సరిచేయడానికి ఎంకాస్ అనే కంప్యూటర్ కార్యక్రమాన్ని పెట్టారు. రెక్క గాలిని తాకే కోణం హెచ్చిందని తోస్తే, అది పైలట్‌ను అడగకుండా తోక అడ్డరెక్కను వంచి ముక్కును దించుతుంది. నగోయాలో ఏ తోక రెక్క మనిషిని ఓడించిందో, మళ్ళీ అదే తోక రెక్క. మొదట అది ఒకసారికి 0.6 డిగ్రీలు వంచాలనుకున్నారు. తరవాత 2.5 డిగ్రీలు చేశారు. విమానానికి కోణం కొలిచే సూచికలు రెండు ఉన్నా, ఎంకాస్ ఒక్కదాని మాటే వింటుంది. ఆ రెండూ వేరువేరు లెక్కలు చెబితే వెలగవలసిన దీపం, అదనపు డబ్బిచ్చి కొనుక్కునే పరికరంతో ముడిపడి, ఎక్కువ విమానాల్లో పనిచేయలేదు. కంపెనీకి ఆ సంగతి 2017లోనే తెలుసు.

పైలట్‌కు ఎంకాస్ ఉన్నదనే తెలియదు. 2016లో దాన్ని పైలట్ల మాన్యువల్ నుంచి తీసివేయించారు. ఎందుకంటే, మాక్స్ నడపడానికి సిమ్యులేటర్ శిక్షణ అక్కరలేదన్నది అమ్మకానికి ప్రధానమైన ఆకర్షణ. శిక్షణ అవసరమైతే విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గిస్తామని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు బోయింగ్ రాసి ఇచ్చింది. పాత 737 పైలట్లు ఒకటి రెండు గంటలు టాబ్లెట్ మీద పాఠం చదివితే చాలునన్నారు. ఇండొనేషియాలోని లయన్ ఎయిర్ 2017లో సిమ్యులేటర్ శిక్షణ కావాలని అడిగితే దాన్ని మాన్పించారు, పైగా బోయింగ్ ఉద్యోగులు తమలో తాము వాళ్ళను ఎగతాళి చేసుకున్నారు. ఆ ఉత్తరాలు 2020లో బయటపడ్డవి.

2018 అక్టోబరు 28 రాత్రి బాలి నుంచి జకార్తా పోతున్న లయన్ ఎయిర్ మాక్స్‌లో కోణం సూచిక తప్పు లెక్క చూపింది. ఎంకాస్ ముక్కును కిందికి దించసాగింది. ఆ రాత్రి కాక్‌పిట్‌లో అనుకోకుండా మూడో మనిషి ఉన్నాడు. డ్యూటీలో లేక, ఊరికే ప్రయాణం చేస్తున్న పైలట్ అతను, వెనక మడత కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ కర్రతో కుస్తీ పడుతుంటే, జరుగుతున్నదేమిటో అతను చూసి చెప్పాడని తరవాత వార్తలు వచ్చినవి. కాప్టెన్ అడ్డరెక్క మోటారుకు పోయే కరెంటు మీట కట్టేశాడు. విమానం క్షేమంగా చేరింది. మర్నాడు ఉదయం అదే విమానంలో మూడో మనిషి లేడు. కాప్టెన్ ఢిల్లీవాడు. ముక్కు దిగినప్పుడల్లా ఇరవై సార్లకు పైగా దాన్ని పైకెత్తాడు. దిగుతున్నది ఎందుకో అతనికి తెలియదు, తెలిసే అవకాశం అతనికి ఇవ్వలేదు. పుస్తకంలో వెతకడం కోసం విమానాన్ని కో-పైలట్‌కు అప్పగించాడు. పుస్తకంలో ఆ పేరు లేదు. 189 మంది జావా సముద్రంలో పోయారు.

నవంబరు 27న అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘం నాయకులు బోయింగ్ అధికారులను కూచోబెట్టి, మాకెందుకు చెప్పలేదని నిలదీశారు. అనవసరమైన సమాచారంతో సిబ్బంది మీద భారం వేయకూడదని అనుకున్నామన్న ధోరణిలో జవాబు వచ్చింది. ఆ సంభాషణను సంఘం వారు రహస్యంగా రికార్డు చేశారు గనక మనకు తెలిసింది. డిసెంబరులో అమెరికా విమానయాన శాఖ లెక్కలు వేసి, ఎంకాస్‌ను సరిచేయకపోతే ఆ విమానాల జీవితకాలంలో మరి పదిహేను ప్రమాదాలు జరగవచ్చునని తేల్చింది. తేల్చి, ఎగరనిచ్చింది. ఆ శాఖ తన తనిఖీ పనిలో చాలా భాగాన్ని కంపెనీ ఉద్యోగులకే అప్పగించి ఎన్నో ఏళ్ళయింది.

2019 మార్చి 10న అడిస్ అబాబా నుంచి లేచిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ మాక్స్ ఆరు నిమిషాల్లో కూలింది. 157 మంది. ఈ పైలట్లు లయన్ ఎయిర్ ప్రమాదం తరవాత వచ్చిన సూచన ప్రకారం మీట కట్టేశారు. ఆ తరవాత అడ్డరెక్కను చేత్తో చక్రం తిప్పి సరిచేయాలి. విమానం అప్పటికే మహా వేగంగా పోతున్నది. గాలి ఒత్తిడికి చక్రం కదలలేదు. గత్యంతరం లేక మళ్ళీ మీట వేశారు. ఎంకాస్ మళ్ళీ ముక్కు దించింది. చైనా మర్నాడే ఆ విమానాలను ఆపింది. అమెరికా మార్చి 13న, పెద్ద దేశాలన్నిటి తరవాత ఆపింది. అమెరికా శాసనసభ్యుడొకడు అమెరికాలో శిక్షణ పొందిన పైలట్లైతే నెగ్గుకువచ్చేవారని అన్నాడు. మనిషిని నమ్మే దేశపు మాట ఇది. ఏ మనిషినన్నది కూడా ఇందులోనే ఉన్నది.

బోయింగ్ లోపల ఇంజనీర్లు ఏమయ్యారు అని అడగవచ్చు. 1997లో మెక్‌డానెల్ డగ్లస్‌ను కలుపుకున్న తరవాత కంపెనీ పెత్తనం లెక్కల మనుషుల చేతికి పోయిందని అక్కడి ఇంజనీర్లే చెప్పుకుంటారు. 2000 సంవత్సరంలో వాళ్ళు సుమారు 40 రోజులు సమ్మె చేశారు. వేలమంది ఇంజనీర్లు మంచులో పికెటింగ్ చేయడం వింతగా చూశారు జనం. మరుసటి ఏడు కంపెనీ ప్రధాన కార్యాలయం విమానాలు తయారయ్యే సియాటిల్ వదిలి చికాగోకు వెళ్ళిపోయింది. దీన్ని నేను మాక్స్ ప్రమాదాలకు ఏకైక కారణమనను. కాని కాక్‌పిట్‌లో పైలట్‌కు జరిగినదే ఇక్కడ ఇంజనీరుకూ జరిగింది. అతని మాట చెల్లనిచోటికి నిర్ణయం తరలిపోయింది.

లెక్క ఎట్లా తేలిందో కూడా చూడండి. 2021 జనవరిలో బోయింగ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని 250 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. అందులో 177 కోట్లు, అంటే నూటికి డెబ్భై వంతులు, విమానాలు కొన్న కంపెనీలకు. చనిపోయినవారి కుటుంబాలకు 50 కోట్లు. జరిమానా 24 కోట్ల చిల్లర. ప్రధానాధికారిని 2019 డిసెంబరులో తొలగించారు, 6 కోట్ల 20 లక్షల డాలర్లు తీసుకుని వెళ్ళాడు. నేరారోపణ జరిగిన వ్యక్తి ఒకే ఒకడు, కంపెనీలో ఉద్యోగిగా ఉన్న ఒక టెక్నికల్ పైలట్. 2022లో జ్యూరీ అతను నిర్దోషి అన్నది. ఇంత పెద్ద నిర్ణయాలు తీసుకున్నది అతనొక్కడే కాదని సామాన్యులైన జ్యూరీ సభ్యులకు తోచి ఉండవచ్చు.

ఇప్పుడు నా మొదటి అభిప్రాయం ఎందుకు పోయిందో చెప్పగలను. యంత్రం గొప్పదా మనిషి గొప్పవాడా అన్న ప్రశ్నలో యజమాని కనిపించడు. బెంగళూరు లీవర్లలో, ఎంకాస్‌లో యంత్రానికి సొంత బుద్ధి ఏమీ లేదు. అక్కడ లేని మనుషుల నిర్ణయాలు, వాళ్ళ లెక్కలు, వాళ్ళ ఒప్పందాలు ఆ తీగెల్లో ప్రవహించినవి. పైలట్ కుస్తీ పట్టినది యంత్రంతో అని అతనికి అనిపించి ఉంటుంది. నిజానికి అతను పెనుగులాడినది విమానానికి పది లక్షల డాలర్ల షరతుతో. యంత్రాలను బద్దలుకొట్టిన ఇంగ్లండు కార్మికులను గురించి రాస్తూ మార్క్స్, యంత్రానికీ దాన్ని పెట్టుబడి వాడుకునే తీరుకూ తేడా తెలుసుకోవడానికి శ్రామికులకు కాలం పట్టిందని 'పెట్టుబడి'లో చెబుతాడు. మనలో చాలామందిమి ఆ వాక్యాన్ని ఒకవైపే చదువుకున్నాం. యంత్రాన్ని ద్వేషించకూడదని నేర్చుకున్నాం గాని, యంత్రం లోపల ఏమి పెట్టారో అడగడం నేర్చుకోలేదు. 1960లలో మన ఇన్సూరెన్సు ఉద్యోగులు కంప్యూటర్లను ఎదిరించినప్పుడు వాళ్ళను వెనకబడ్డవాళ్ళని నవ్విన వారిలో మన పక్షం మేధావులు కూడా ఉన్నారు.

పైలట్లను గురించి నాకింకా భ్రమలు లేవు. ఇంజనీర్లను వాళ్ళు వదిలేసిన తీరు పైన చెప్పాను. ఐతే ఆ సంఘం ఆనాడు రికార్డు చేయకపోతే, మృతుల బంధువులు ఫొటోలు పట్టుకుని అమెరికా చట్టసభల ముందు కూచోకపోతే, మాక్స్‌లో మార్పులు ఇంత త్వరగా వచ్చేవా అని అనుమానమే. 2020 నవంబరులో మళ్ళీ ఎగరడానికి అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతులివి: ఎంకాస్ రెండు సూచికలనూ పోల్చి చూడాలి, ఒక సందర్భంలో ఒకసారే పనిచేయాలి, పైలట్ చేతిబలాన్ని మించకూడదు, పైలట్లందరికీ సిమ్యులేటర్‌లో శిక్షణ ఇవ్వాలి. వీటిలో దేనికీ కొత్త శాస్త్రం అక్కరలేదు. 2011లోనూ చేయదగినవే.

ఇక మిగిలినవి రెండు కుర్చీలు. సుదూర ప్రయాణాల్లో మధ్య గంటలు ఒక్క పైలట్‌తోనే నడపవచ్చునని, రెండోవాడు పడుకోవచ్చునని విమానాలు తయారుచేసేవారు కొన్నేళ్ళుగా ప్రతిపాదిస్తున్నారు. దానికి వ్యతిరేకంగా అనేక దేశాల పైలట్ల సంఘాలు కలిసి ప్రచారం నడిపినవి. ఈసారి తమలో తాము కొట్టుకోలేదు. ఈ పద్ధతిని పరిశీలించిన ఐరోపా విమాన భద్రతా సంస్థ 2025లో తన అధ్యయనం ముగించి, ఇద్దరు ఉన్నప్పటితో సమానమైన భద్రత ఒకరితో ఉంటుందని రుజువు కాలేదని ప్రకటించింది. ఒక్కడే ఉన్నప్పుడు అతను మగతలో పడితే, జబ్బుపడితే, లేక అతని పొరపాటును చూసి చెప్పేవాడు పక్కన లేకపోతే ఏమవుతుందన్నది వాళ్ళు తేల్చుకోలేకపోయిన ప్రశ్నల్లో ఒకటి. బాలి నుంచి వచ్చిన ఆ విమానంలో వెనక మడత కుర్చీ మీద కూర్చున్నవాడికి ఆ రాత్రి ఏ కంపెనీ పనీ అప్పగించలేదు.